మధ్యాహ్నానికి ఇంటి క్యారేజీ

పనికి వెళ్తూ మధ్యాహ్న భోజనం ఇంటి నుంచే కట్టుకుపోవడం సూర్యలంక తీరం నుంచి తెనాలి దాకా ఉన్న ఊళ్ళలో తరాల నాటి అలవాటు. తెల్లవారుజామున వలలు సర్దుకుని పడవెక్కే మత్స్యకారుల దగ్గర అన్నం గిన్నె, మంచినీళ్ళ డబ్బా ఉంటాయి. నాట్లకో కోతలకో ఆటోల్లో ఇరుక్కుని వెళ్ళే ఆడకూలీల ఒళ్ళో స్టీలు క్యారేజీలుంటాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసేవాళ్ళు గట్టు మీదే విప్పి తింటారు. బాపట్ల స్టేషన్లో పొద్దున్నే విజయవాడ వైపు రైలెక్కే గుమాస్తాలు, నర్సులు, బ్యాంకు ఉద్యోగుల సంచుల్లోనూ అదే ఇంటి అన్నం.

అలవాటు ఇంకా పాతది. పోతన భాగవతం దశమ స్కంధంలో కృష్ణుడు గోపబాలురతో కలిసి యమున ఒడ్డున తిన్నది ఇళ్ళ నుంచి మూటగట్టి తెచ్చుకున్న చల్దులే, నంజుకున్నది ఊరగాయలే. ఆలమందల వెంట, అరకల వెంట వెళ్ళిన సద్దిమూట రైలు వచ్చాక ఉద్యోగుల చేతికీ చేరింది. తెనాలి నుంచి రేపల్లెకు 1916లో రైలు మార్గం పడింది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన వాళ్ళకు తెనాలి, గుంటూరు రోజూ వెళ్ళి వచ్చే ఊళ్ళయ్యాయి. ఇటు మద్రాసు మెయిన్ లైన్ మీద అప్పికట్ల, నిడుబ్రోలు, చుండూరు, దుగ్గిరాల స్టేషన్లదీ అదే కథ. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి ఏడున్నరకు తిరిగి వచ్చే మనిషికి ఇంట్లో స్థిమితంగా తినే పూట రాత్రి ఒక్కటే. కాబట్టి మధ్యాహ్నం ఏం తింటున్నారన్నది ఏడాదిలో దాదాపు మూడు వందల భోజనాల లెక్క. ఒంటి మీద, జేబు మీద దాని ప్రభావం చిన్నది కాదు.

ఇంటి క్యారేజీ వల్ల అన్నిటికన్నా పెద్ద లాభం పరిమాణం మన చేతిలో ఉండటం. హోటల్లో ఫుల్ మీల్స్ అంటే అన్నానికి లెక్క ఉండదు. పప్పుతో ఒక వాయి, సాంబారుతో ఒక వాయి, పెరుగుతో ఒక వాయి వడ్డిస్తూనే ఉంటారు. డబ్బు ఇచ్చాం కదా అని తినేవాళ్ళే ఎక్కువ. రెండున్నరకల్లా కళ్ళు మూతలు పడతాయి. క్యారేజీలో పట్టేది ఎంతో అంతే. ఆకలిని పొద్దున తీరిగ్గా అంచనా వేసి కట్టిన అన్నం, ఆకలి మీద కూర్చుని వడ్డించుకున్న అన్నం కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఈ విషయం ఈ ప్రాంతానికి మరీ ముఖ్యం. క్యారేజీలోకి వెళ్ళే అన్నానికీ బాపట్లకూ దగ్గరి చుట్టరికం ఉంది. దక్షిణాది అంతా ఇష్టంగా తినే సాంబ మసూరి బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో విడుదలైన రకం. దాని అసలు పేరు బీపీటీ 5204, ఆ మూడు అక్షరాలు ఊరి పేరులోంచి వచ్చినవే. సన్నగా, మెత్తగా, తెల్లగా ఉండే ఆ అన్నం ఎంత తిన్నా తిన్నట్టుండదు. బియ్యం బాగా పాలిష్ పట్టించేసరికి తవుడుతో పాటు పీచు, బి విటమిన్లు పోతాయి. దేశంలో సుమారు 10 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి సర్వే 2023లో తేల్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2,000 కేలరీలు కావలసిన మనిషికి బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాముల దగ్గర ఆగాలి. రోజు మొత్తం శక్తిలో ధాన్యం వాటా 45 శాతం దాటకూడదు. కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు కలిపి అర కిలో దాకా ఉండాలి. పప్పులకూ గుడ్డు, మాంసాలకూ కలిపి 85 గ్రాములు. డెల్టాలో మామూలుగా తినే తీరు దీనికి దాదాపు తలకిందులు.

సరిచేసుకోవడానికి క్యారేజీయే సాయపడుతుంది. మూడు గిన్నెల క్యారేజీలో అడుగు గిన్నె లోతుగా ఉంటుంది, అందులో అన్నం కుక్కడం అలవాటు. పైనున్న చిన్న గిన్నెలో కూర, మరో దాంట్లో పెరుగు. అన్నాన్ని చిన్న గిన్నెలోకి మార్చి, అడుగు గిన్నె నిండా బీరకాయో, బెండకాయో, తోటకూర పప్పో పెడితే లెక్క చాలావరకు సర్దుకుంటుంది. వంటలో ఏమీ మారలేదు, గిన్నెలు తారుమారయ్యాయంతే. మొదటి వారం అన్నం చాలలేదనిపిస్తుంది. అప్పుడు కూర ఇంకొంచెం పెంచాలి కానీ అన్నం కాదు. ఎండు తెగులును తట్టుకునేలా హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేసిన మెరుగుపరచిన సాంబ మసూరికి గ్లైసీమిక్ సూచిక 51 దగ్గర ఉంటుంది. 55 లోపు ఉంటే తక్కువ కింద లెక్క. చక్కెర ఉన్నవాళ్ళు దొరికినచోట ఆ బియ్యం వాడుకోవచ్చు. అయినా గిన్నె చిన్నదిగానే ఉండాలి.

నూనె, ఉప్పు సంగతి తర్వాతిది. బయట వేపుళ్ళలో వాడిన నూనె ఎన్నిసార్లు కాగిందో తినేవాడికి తెలిసే దారి లేదు. కాగిన కొద్దీ నూనెలో పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని దేశ ఆహార భద్రత సంస్థ నిబంధన పెట్టి, 2018 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చింది. పెద్ద హోటళ్ళ సంగతి ఎలా ఉన్నా బడ్డీకొట్టు బాండీలో దాన్ని కొలిచేవాళ్ళు లేరు. ఇంట్లో బజ్జీలు వేసిన నూనె మిగిలితే పోపుకు వాడేసి ముగిస్తారు. ఉప్పు విషయంలో మాత్రం ఇంటి భోజనం దానంతటదే మంచిదైపోదు. రోజుకు 5 గ్రాముల ఉప్పు చాలని వైద్యులు చెబుతుంటే, మాగాయ, ఆవకాయ, గోంగూర, అప్పడం, ఊరమిరపకాయ అన్నీ ఒక్క క్యారేజీలో చేరితే ఆ ఒక్క పూటతోనే కోటా అయిపోయేలా ఉంటుంది. ఏదో ఒకటే పెట్టుకోవాలి. బీపీ ఉన్నవాళ్ళకు పచ్చడికి బదులు కందిపొడి, కరివేపాకు పొడి నయం, అదీ ఉప్పు తగ్గించి ఇంట్లో కొట్టుకుంటే.

డబ్బు లెక్క ఎవరికి వాళ్ళే వేసుకోగలరు. హోటల్లో భోజనం వంద రూపాయలనుకుంటే నెలకు పాతిక పనిరోజులకు 2,500. ఇంట్లో ఎలాగూ పొయ్యి వెలుగుతుంది, పప్పు ఉడుకుతుంది, ఇంకొకరి వాటా బియ్యానికీ కూరకూ పాలకూ నలభై వేసుకున్నా నెలకు వెయ్యి. తేడా 1,500, ఏడాదికి 18,000. పదిహేను, ఇరవై వేల జీతగాడికి అది ఒక నెల సంపాదన. మధ్యాహ్నపు భోజనానికి బయటికి వెళ్ళినప్పుడు తోడుగా వచ్చే కూల్ డ్రింకు, మిర్చి బజ్జీ, స్వీటు ఖర్చు ఇందులో చేరలేదు.

వేళకు తినగలగడం కొందరికి ఇంతకన్నా పెద్ద విషయం. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవాళ్ళు భోజనం ఆలస్యం చేస్తే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు పడతాయి, కళ్ళు తిరుగుతాయి. హోటల్లో కుర్చీ కోసం నిలబడే అరగంట అలాంటివాళ్ళకు ప్రమాదమే. పక్కన క్యారేజీ ఉంటే ఒంటిగంట అయ్యేసరికి మూత తీయవచ్చు. గర్భిణులకు, కడుపులో అల్సర్ ఉన్నవాళ్ళకు, కొత్తగా ఆపరేషన్ అయి పనిలో చేరినవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంకో సంగతి, తిన్నవెంటనే టీ తాగితే ఆహారంలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఆంధ్రలో సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్న చోట ఇది చిన్న మాట కాదు. గోంగూర, తోటకూరతో పాటు ఒక నిమ్మబద్దో ఉసిరికాయ ముక్కో క్యారేజీలో పడితే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ గంట తర్వాత తాగవచ్చు.

ఇన్ని లాభాలూ అన్నం పాడుకాకుండా ఉంటేనే. సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో ఎండతో పాటు ఉక్క ఉంటుంది. మే నెలలో మూసిన సంచిలో, బస్సు కిటికీ పక్కన పెట్టిన క్యారేజీ లోపల సూక్ష్మజీవులు పెరగడానికి అనువైన వేడి ఉంటుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య అవి వేగంగా పెరుగుతాయి. వండిన అన్నానికి ప్రత్యేకంగా ఒక శత్రువు ఉంది, బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా. దాని బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉండిపోతే అవి మొలకెత్తి విషం విడుస్తాయి. వాంతులు తెచ్చే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. అందుకే మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో పెడితే సరిపోతుందనుకోవడం పొరపాటు.

దీనికి విరుగుడు రెండు రకాలు. పొగలు కక్కుతుండగానే వేడి నిలిచే డబ్బాలో పెట్టి మూత బిగించడం ఒకటి. ముందు ఆ డబ్బాలో మరిగే నీళ్ళు పోసి ఐదు నిమిషాలుంచి పారబోస్తే లోపలి స్టీలు వేడెక్కి, అన్నం వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలు స్టీలు క్యారేజీ అయితే రెండోది, అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద ఆవిరి పోనిచ్చి అప్పుడు సర్దడం. వేడన్నం మీదే మూత పెడితే ఆవిరి నీరై మూత నుంచి చుక్కలు చుక్కలుగా కారుతుంది, పన్నెండింటికల్లా అన్నం చెమ్మగిల్లి వాసన వేస్తుంది. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున పోపు వేసి కట్టుకెళ్ళడం ఫ్రిజ్ ఉన్న ఇంట్లో, రాత్రే చల్లార్చి లోపల పెట్టినప్పుడు మాత్రమే చేయదగ్గ పని.

ఏ వంట ఎంతసేపు నిలుస్తుందో ఇక్కడి ఆడవాళ్ళకు అనుభవం మీద తెలుసు, ఆ అనుభవం వెనక ఉన్నదంతా సైన్సే. చింతపండు పులుపు, నూనె, తక్కువ తడి కలిసిన పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది. ముద్దపప్పు కన్నా గోంగూర పప్పు, మామిడికాయ పప్పు ఎక్కువసేపు ఆగుతాయి. పులుపు బాక్టీరియాను ఎదగనివ్వదు. దొండకాయ, కాకరకాయ వేపుళ్ళు, పొడి కూరలు భద్రం. పచ్చికొబ్బరి వేసిన కూర, పాలు పోసి వండిన కూర, కొబ్బరి చట్నీ, తరిగిన పచ్చి ఉల్లిపాయలు వేసవిలో క్యారేజీకి పనికిరావు. గుడ్డు ఉడికించి పెంకుతోనే పెట్టుకుని, తినేటప్పుడు ఒలుచుకోవాలి.

పెరుగన్నం కట్టే తీరు చూస్తే ఈ నేర్పు తెలుస్తుంది. అన్నం కొంచెం జారుగా వండి, వేడి మీదే గరిటె వెనకతో మెదుపుతారు. చేత్తో ముట్టుకోగలిగేంత చల్లారాక కాచి చల్లార్చిన పాలు అన్నం మునిగేదాకా పోస్తారు. అందులో ఒక చెంచా పెరుగు కలిపి, రెండు కరివేపాకులు, చిటికెడు ఉప్పు, అల్లం ముక్కలు వేసి మూత పెడతారు. అన్నం బాగా వేడిగా ఉండగా పెరుగు వేస్తే తోడు చచ్చిపోతుంది, అందుకే ఆ తొందర పనికిరాదు. బాపట్లలో రైలెక్కినప్పుడు పాలన్నంగా ఉన్నది గుంటూరు ఆఫీసులో మూత తీసేసరికి పులుపు తిరగని కమ్మని పెరుగన్నం. పొద్దున్నే పుల్లటి పెరుగు కలిపి కట్టినవాళ్ళకు మధ్యాహ్నం నోట్లో పెట్టుకోలేని పులుపు మిగులుతుంది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచే చద్దన్నం కూడా ఇదే పద్ధతి, లాక్టిక్ ఆమ్లం పుట్టి మిగతా సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. కుండ, నీళ్ళు శుభ్రంగా ఉండాలన్నది దానికి తొలి షరతు.

చేపల సంగతి సూర్యలంక, నిజాంపట్నం చుట్టుపక్కల ఇళ్ళకు తప్పనిది. నిన్నటి చేపల పులుసు నేటి రుచి అన్నది నిజమే, చింతపండు దానికి కాపలా. పొద్దున తెర్లబెట్టి, వేడివేడిగా కట్టుకోవాలి. కానీ కానాగంతల వంటి చేపలు పట్టాక ఐసు లేకుండా ఎండలో ఉండిపోతే వాటి కండలో హిస్టమిన్ తయారవుతుంది. తింటే ముఖం ఎర్రబారి, దద్దుర్లు వచ్చి, తలనొప్పి పుడుతుంది. ఎంత ఉడికించినా హిస్టమిన్ పోదు. క్యారేజీలో పెట్టే చేప కొనేటప్పుడే తాజాదై ఉండాలి.

గిన్నెల విషయానికొస్తే, ఒకప్పుడు ఇత్తడి క్యారేజీలకు కళాయి పోయించుకునేవారు, ఆ పూత పోతే పులుసు చిలుమెక్కేది. తర్వాత వచ్చిన సత్తు క్యారేజీలు చౌక, తేలిక, కానీ చింతపండు, నిమ్మరసం, టమాటా తగిలితే అల్యూమినియం కొంత ఆహారంలోకి దిగుతుంది. స్టీలుకు ఆ బాధ లేదు. ప్లాస్టిక్ డబ్బాలో వేడి సాంబారు, నూనె కూర పెట్టకపోవడం మంచిది. వార్తాపత్రికలో పూరీలో గారెలో చుట్టుకెళ్ళడం చాలామందికి తప్పుగా తోచదు, అయితే అచ్చు సిరాలో సీసం వంటి లోహాలు ఉంటాయని ఆహార భద్రత సంస్థ పదేపదే హెచ్చరించింది. కొల్లిపర, దుగ్గిరాల వైపు అరటి తోటలకు కొదవ లేదు. ఆకును పొయ్యి సెగ మీద ఒక్క క్షణం వాడ్చితే చిరగకుండా మడతపడుతుంది, పులిహోర పొట్లానికి దాన్ని మించింది లేదు. మూత లోపలి రబ్బరు రింగును మాత్రం రోజూ బయటికి తీసి కడగాలి. క్యారేజీ వాసన వేస్తోందంటే నూటికి తొంభైపాళ్ళు ఆ రింగు కిందే జిడ్డు పేరుకుని ఉంటుంది.

ఇంత చెప్పుకున్నాక పొలం కూలీల క్యారేజీ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తెల్లవారుజామునే బయల్దేరే ఆడవాళ్ళు కట్టుకెళ్ళేది చాలా ఇళ్ళలో అన్నం, పచ్చడి, మజ్జిగ. నడుం వంచి బురదలో నాట్లు వేసే పనికి అది శక్తినిస్తుంది కానీ కండకు, రక్తానికి కావలసింది అందులో లేదు. ఖరీదైనవేవీ అక్కర్లేదు. ఒక కోడిగుడ్డు, గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్ళు, గట్టి పప్పు, ములగాకు పొడి, వీటిలో రోజుకు రెండు చేరినా తేడా తెలుస్తుంది. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో వేరుశనగ పండుతుంది, పండించేవాళ్ళ క్యారేజీలోనే అది కనిపించకపోవడం బాధ కలిగిస్తుంది.

పట్టణాల్లో మరో మధ్యేమార్గం బాగా స్థిరపడింది. అన్నం ఇంట్లో వండుకుని, కూరలు కర్రీ పాయింట్లో కొనుక్కోవడం. తెనాలిలో, బాపట్లలో ఒంటరిగా ఉండే ఉద్యోగులకు, ఇద్దరూ పనిచేసే దంపతులకు ఇది పెద్ద ఆసరా. ఖర్చు హోటల్ కన్నా తక్కువ, అన్నం కొలత ఇంటిదే. వేడి పప్పును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోయించుకోవడమే ఇందులో చెడ్డ భాగం. ఇంటి నుంచి గిన్నె తీసుకెళ్తే ఎవరూ కాదనరు.

ఇంటి భోజనం అనగానే ఎవరు వండుతున్నారన్న ప్రశ్న వస్తుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. 2019 నాటి జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. ఏడింటి రైలుకు క్యారేజీ సిద్ధం కావాలంటే నాలుగున్నరకు ఎవరో లేవాలి. ఆ ఎవరో కూడా చాలా ఇళ్ళలో తన క్యారేజీ తాను కట్టుకుని ఎనిమిదింటికి పనికి పరిగెత్తే మనిషే. క్యారేజీ వల్ల వచ్చే ఆరోగ్యం ఒకరికి, నిద్రలేమి ఇంకొకరికి అయితే ఆ లెక్క సరిపోదు. రాత్రి కూరలు తరిగి పెట్టడం, పప్పు నానబెట్టడం, ఎవరి గిన్నెలు వాళ్ళు సర్దుకోవడం, తిన్న వెంటనే ఆఫీసు కుళాయి దగ్గరే కడుక్కోవడం మగవాళ్ళూ పిల్లలూ చేయగలిగినవే. ముంబైలో 1890 ప్రాంతం నుంచి డబ్బావాలాలు ఇళ్ళలో ఆలస్యంగా వండిన భోజనాన్ని ఆఫీసులకు చేరవేస్తున్నారు, తెల్లవారుజామునే వంట ముగించాల్సిన అవస్థ ఇల్లాలికి తప్పింది. బాపట్ల, రేపల్లె వంటి ఊళ్ళలో అంత ఏర్పాటు సాధ్యం కాదు కాబట్టి ఇంట్లోవాళ్ళే పని పంచుకోవాలి. కట్టుకునే వీలే లేనివాళ్ళకు, దినకూలీలకు ఐదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టు నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో మళ్ళీ నడుస్తున్నాయి.

కట్టుకెళ్ళిన భోజనం తినడానికి చోటు కూడా కావాలి. 150 మందికి మించి పనిచేసే ఫ్యాక్టరీలో తాగునీటితో పాటు భోజనపు గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. బట్టల కొట్లు, చిన్న ఆసుపత్రులు, ప్రైవేటు బడులకు అంత పెద్ద లెక్క వర్తించదు. అక్కడ సేల్స్ గర్ల్స్ మెట్ల కింద, ఆయాలు స్టోరు రూములో నిలబడి నాలుగు ముద్దలు మింగి వస్తుంటారు. ఒక బల్ల, చేతులు కడుక్కునే కుళాయి, సబ్బు, మంచినీళ్ళు, వేసవిలో పెరుగు గిన్నె పెట్టుకోవడానికి చిన్న ఫ్రిజ్, కూర్చుని తినడానికి నిజంగా అరగంట, ఇవి ఇవ్వడం ఏ యజమానికీ మోయలేని భారం కాదు. పొలాల్లో అయితే గట్టు మీద ఒక పరదా నీడ, చేతులు కడుక్కోవడానికి కాలవ నీళ్ళు కాక వేరే డ్రమ్ము నీళ్ళు ఏర్పాటు చేయడం రైతు చేయగలిగిన పని.